బస్తా దారం వెనుక వినిపించని ధ్వని

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం, మఠంపల్లి, మేళ్లచెరువు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు. సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిపై పోయే లారీల్లో ఈ రెండు సరుకులూ తరచుగా కనిపిస్తాయి. ఒకటి తిండికి, ఒకటి ఇంటికి. రెంటినీ మోసేది మాత్రం ఒకటే: పాలీప్రొపిలీన్ టేపుతో నేసిన బస్తా. ప్రభుత్వం సేకరించే తిండిగింజలకు 1987 నాటి జనపనార ప్యాకేజింగ్ చట్టం గోనె సంచికే పెద్దపీట వేసింది. దుకాణాలకు వెళ్లే సన్నబియ్యం, సిమెంటు మాత్రం ఎక్కువ భాగం ఈ ప్లాస్టిక్ నేతలోనే తిరుగుతాయి. 2022 జూలైలో 25 కిలోలు, అంతకు లోపు ప్యాకెట్ల మీద జీఎస్టీ పడ్డాక బజారులోకి 26 కిలోల బస్తా వచ్చింది. దాన్ని కుట్టిందీ ఇదే బట్టతో.

హమాలీ భుజం మీంచి దించుతుండగా బస్తా చీలితే నేత బాగాలేదనో, కుట్టు ఊడిందనో అనుకుంటాం. ఒక్కోసారి అదే నిజం. మరోసారి తప్పు నేత దాకా రాకముందే జరిగిపోయి ఉంటుంది. దారం ఇంకా దారం కాకముందు, రెండు వందల డిగ్రీలు దాటిన వేడిలో, చుట్టూ మూసిన ఉక్కు గొట్టంలో, ప్లాస్టిక్‌కూ రాతిపొడికీ పొత్తు సరిగా కుదరని కొద్ది నిమిషాల్లో అది జరుగుతుంది. అక్కడికి కన్ను వెళ్లలేదు. ధ్వని వెళ్లగలదు. మన చెవికి అందని ధ్వనితో ఆ కలయికను ఎలా కనిపెట్టవచ్చన్నదే ఈ వ్యాసం.

ముందు దారం సంగతి. బస్తా అంచు నుంచి ఒక పోగు లాగి చూడండి. నూలులా గుండ్రంగా ఉండదు, పలుచని పట్టీలా ఉంటుంది. వెడల్పు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, మందం 40 నుంచి 50 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా దాటదు. పాలీప్రొపిలీన్ గ్రాన్యూల్స్‌ను ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే లోపల స్క్రూ తిరిగే వేడి ఉక్కు గొట్టంలో పోసి కరిగించి, వెడల్పాటి సన్నని సందు ఉన్న డై లోంచి పలుచని పొరగా బయటికి తోస్తారు. ఆ పొరను నీళ్ల తొట్టిలో చల్లార్చి, బ్లేళ్ల వరుసతో పట్టీలుగా చీల్చి, వేడిగాలిలో ఐదారు రెట్లు సాగదీస్తారు. సాగే కొద్దీ చిక్కుపడి ఉన్న అణుగొలుసులు ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. టేపు బలమంతా ఆ సర్దుబాటులోదే. తరువాత బాబిన్లకు చుట్టి గుండ్రటి మగ్గాల మీద నేస్తారు.

గ్రాన్యూల్స్‌తోపాటు మరో సరుకు కూడా పడుతుంది: ఫిల్లర్ మాస్టర్‌బ్యాచ్. మెత్తగా నూరిన రాతిపొడిని ముందే కొద్దిపాటి ప్లాస్టిక్‌లో పట్టించి గింజలుగా కోసిన పదార్థమిది. ఇందులో ప్లాస్టిక్ కన్నా రాతిపొడే ఎక్కువ. ఫిల్లర్ అనగానే ఖర్చు తగ్గించుకోవడానికి కలిపే కల్తీ అని చాలామంది అనుమానిస్తారు. ఖర్చు తగ్గే మాట వాస్తవమే, కానీ అంతకుమించిన పని ఉంది. ఏమీ కలపని పాలీప్రొపిలీన్ టేపును సాగదీస్తే పొడవునా పీచులు పీచులుగా చీలిపోతుంది. తగిన మోతాదులో రాతిపొడి ఆ చీలికను అదుపు చేస్తుంది. టేపుకు కాస్త గరుకుదనం ఇచ్చి, ఒకదానిపై ఒకటి పేర్చిన బస్తాలు జారకుండా చూస్తుంది. తెల్లదనం వస్తుంది, అచ్చు బాగా పడుతుంది. మోతాదు దాటితే మాత్రం బలం పోతుంది.

ఆ రాతిపొడి కాల్షియం కార్బొనేట్. మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం, కృష్ణ ఒడ్డున వాడపల్లి, ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలన్నీ ఏ సున్నపురాయిని నమ్ముకుని వెలిశాయో, అందులో ముఖ్య పదార్థం కూడా అదే. సిమెంటుకు రాయి బూడిదరంగులో ఉన్నా, అందులో కొంత మట్టి కలిసినా ఇబ్బంది లేదు. ఫిల్లర్‌కు మాత్రం తెల్లని, శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ ఖనిజం, అంటే కాల్సైటు కావాలి. దాన్ని కొద్ది మైక్రాన్ల మెత్తదనం వచ్చేదాకా నూరి, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా స్టియరిక్ ఆమ్లం పూత పూస్తారు. అంటే సిమెంటు బస్తాలో లోపలి సరుకు సున్నపురాయి నుంచే వచ్చింది, బస్తా గోడలోనూ కొంత ఆ పదార్థమే ఉంది.

పూత పూసినా పొడికి ఉండకట్టే గుణం పూర్తిగా పోదు. మూడు మైక్రాన్ల రేణువులు వెయ్యికి పైగా ముద్దయితే 40 మైక్రాన్ల ఉండ అవుతుంది. టేపు మందమే అంత! ప్లాస్టిక్ ఐదారు రెట్లు సాగుతుంది, ఉండ సాగదు. దాని చుట్టూ ఖాళీ ఏర్పడి, అక్కడి నుంచి టేపు తెగుతుంది. తెగితే లైను ఆపి అతికించుకోవచ్చు, నష్టం అక్కడితో సరి. తెగకుండా బలహీనంగా మిగిలిపోయిన చోటే ప్రమాదం. అది మగ్గం దాటి, కుట్టు దాటి, యాభై కిలోల సిమెంటు మోస్తూ ఎక్కడో ఒక గోడౌన్‌లో బయటపడుతుంది.

మరి బాగా కలిపితే పోదా? కలపడమే ఇక్కడ కష్టం. కరిగిన పాలీప్రొపిలీన్ నీళ్లలా పారదు. ఎక్స్‌ట్రూడర్ పరిస్థితుల్లో దాని చిక్కదనం నీటి చిక్కదనానికి లక్షల రెట్లు. నీళ్లలో చెంచా తిప్పితే సుళ్లు పుట్టి, ఆ సుళ్లే కలిపే పని చేసేస్తాయి. ఇంత చిక్కని ద్రవంలో సుళ్లు పుట్టవు. స్క్రూ తిరుగుతూ ఒక పొరను మరో పొర మీద జార్చాలి, సాగదీయాలి, మడవాలి, మళ్లీ సాగదీయాలి. ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. పొడిని అన్నిచోట్లా సమంగా పంచడం ఒకటి. ఉండలను చిదమడం మరొకటి. మొదటిదానికి పొరలు ఎన్నిసార్లు మడతపడ్డాయన్నది లెక్క. రెండోదానికి ఉండను చీల్చేంత ఒత్తిడితో ద్రవం దాన్ని రెండు వైపులా లాగాలి. పంపకం చక్కగా జరిగి ఉండలు అలాగే మిగలవచ్చు. ఉండలన్నీ చిదిమినా పొడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావచ్చు. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే ధ్వని ఏం చెబుతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

స్క్రూతో తోసే యంత్రానికి ఇంగ్లండులో మాథ్యూ గ్రే పేటెంటు పొందింది 1879లో. కరిగే ప్లాస్టిక్కుల కోసమే తయారైన ఎక్స్‌ట్రూడర్‌ను జర్మనీలో పాల్ ట్రోస్టర్ 1935లో తెచ్చాడు. అప్పటి నుంచి స్క్రూల ఆకారం ఎంతో మెరుగుపడింది. కానీ స్క్రూ తిరిగే గొట్టం, అంటే బ్యారెల్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే సాధనాలు చాలాచోట్ల ఇప్పటికీ మూడే: వేడిని చెప్పే థర్మోకపుల్, ఒత్తిడి మీటరు, మోటారు లాగే కరెంటు. డై ముందు ఇనుప జల్లెడలు అమర్చి పెద్ద ఉండలను ఆపుతారు. జల్లెడ నిండితే ఒత్తిడి పెరుగుతుంది, మార్చాల్సి వస్తుంది. జల్లెడ కన్నంలోంచి దూరిపోయే చిన్న ఉండల గురించి ఈ మూడూ ఏమీ చెప్పవు.

పరీక్షలు లేవని కాదు. టేపు ముక్కను కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను తూచి ఫిల్లర్ శాతం కడతారు. పలుచని కోత తీసి సూక్ష్మదర్శినిలో ఉండలు చూస్తారు. లాగి తెంపి బలం కొలుస్తారు. సిమెంటు బస్తాలకు ఐఎస్ 11652, తిండిగింజల బస్తాలకు ఐఎస్ 14887 అనే ప్రమాణాలు ఉన్నాయి. ఇవన్నీ అవసరమే. చిక్కల్లా ఇవి ఆలస్యంగా మాట్లాడతాయి, ఒక్క ముక్క గురించే మాట్లాడతాయి. టేపు లైను నిమిషానికి మూడు వందల మీటర్ల వేగంతో నడుస్తోందనుకుందాం. ప్రయోగశాల నుంచి ఫలితం రావడానికి గంట పడితే, ఆలోగా ఒక్కో టేపు 18 కిలోమీటర్లు తయారై ఉంటుంది. అటువంటి టేపులు పక్కపక్కన వందల సంఖ్యలో నడుస్తుంటాయి. వడ్ల బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి మొత్తం లారీ ధర తేల్చినట్టుగా ఉంటుంది ఈ పద్ధతి. గొట్టం తగలని చోట ఏముందో ఎవరికీ తెలియదు.

ఇక ధ్వని. మనిషి చెవి వినగలిగేది సెకనుకు సుమారు 20 వేల కంపనాల వరకు. ప్లాస్టిక్‌ను పరిశీలించడానికి వాడేది 20 లక్షల నుంచి కోటి కంపనాల వరకు ఉండే ధ్వని, అంటే 2 నుంచి 10 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్. ఆసుపత్రిలో కడుపు స్కానింగుకు వాడే శ్రేణి కూడా ఇంచుమించు ఇదే. ఎక్స్‌ట్రూడర్ చివర, డైకి కాస్త ముందు, కరిగిన ప్లాస్టిక్ పారే దారికి అటూ ఇటూ రెండు సెన్సర్లు అమరుస్తారు. ఒకటి చిన్న స్పందన పంపుతుంది, రెండోది అందుకుంటుంది. ఎంతసేపటికి చేరింది, ఎంత బలంతో చేరింది అనే రెండు సంగతులు నమోదవుతాయి. ఇది సెకనుకు ఎన్నోసార్లు, రాత్రీ పగలూ, లైను ఆపకుండా జరుగుతుంది.

కరిగిన పాలీప్రొపిలీన్‌లో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1000 మీటర్లు. నీటిలో 1480, ఉక్కులో 5900. దారి వెడల్పు 20 మిల్లీమీటర్లయితే స్పందన 20 మైక్రోసెకన్లలో అవతలికి చేరుతుంది. వేగంలో ఒక శాతం తేడా వస్తే సమయంలో 0.2 మైక్రోసెకను తేడా. ఇప్పటి మామూలు ఎలక్ట్రానిక్స్‌కు ఇది కష్టమైన కొలత కాదు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కాల్సైటులో ధ్వని సెకనుకు ఆరు వేల మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. అంత గట్టి రాయిని కలిపితే ప్లాస్టిక్‌లో ధ్వని వేగం పెరగాలని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేస్తే తగ్గుతుంది! వేగాన్ని రెండు గుణాలు నిర్ణయిస్తాయి. నొక్కితే ఎంత ఎదురు తిరుగుతుందన్నది ఒకటి, ఎంత బరువన్నది ఇంకొకటి. మొదటిది ఎక్కువైతే వేగం పెరుగుతుంది, రెండోది ఎక్కువైతే తగ్గుతుంది. కరిగిన ప్లాస్టిక్‌లో విడివిడిగా తేలే రాతి రేణువులు బరువును వెంటనే పెంచేస్తాయి. కానీ నొక్కుడును భరించేది ఇంకా వాటి మధ్య ఉన్న మెత్తని ద్రవమే. అందుకని బరువు ముందు గెలుస్తుంది. ద్రవంలో పొడి కలిసినప్పటి ధ్వని వేగానికి బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.బి. వుడ్ ఇచ్చిన సూత్రంలో మన అంకెలు వేసి చూడవచ్చు. కరిగిన ప్లాస్టిక్ సాంద్రత 0.75, రాయిది 2.7 అనుకుంటే, బరువులో పది శాతం ఫిల్లర్ అంటే ఘనపరిమాణంలో మూడు శాతమే. దానికే వేగం 1000 నుంచి సుమారు 978కి పడిపోతుంది. ఈ రెండు శాతం తగ్గుదలే ఫిల్లర్ మోతాదుకు కొలబద్ద.

అయితే వేగం సగటున ఫిల్లర్ ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. పంపకం సమంగా జరిగిందా అన్నది తెలియాలంటే ఆ వేగం క్షణక్షణం ఎలా ఊగుతోందో చూడాలి. తెరపై గీత నిలకడగా ఉంటే సెన్సర్ ముందు నుంచి పోతున్న ప్లాస్టిక్ అంతా ఒకే తీరుగా ఉన్నట్టు. గీత ఎగుడుదిగుడు అయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఫిల్లర్ పోతున్నట్టు. సరుకు పోసే హాపర్‌లో గ్రాన్యూల్స్, మాస్టర్‌బ్యాచ్ విడిపోయి పడుతున్నా ఇలాగే కనిపిస్తుంది.

ఉండల సంగతి చెప్పేది ధ్వని బలం. కరిగిన ప్లాస్టిక్‌లో 5 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 200 మైక్రాన్లు. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన రేణువులు ధ్వనిని చెదరగొట్టే తీరుకు రేలీ సిద్ధాంతం ఒక నియమం ఇచ్చింది. కలిపిన రాతిపొడి మొత్తం అంతే ఉండి, రేణువు వ్యాసం పది రెట్లయితే చెదిరే ధ్వని వెయ్యి రెట్లవుతుంది. మూడు మైక్రాన్ల రేణువులు విడివిడిగా ఉంటే ధ్వని వాటిని దాదాపు పట్టించుకోదు. అదే పొడి 30 మైక్రాన్ల ఉండలైతే ధ్వని పక్కలకు చెదిరి, అవతలి సెన్సర్‌కు బలహీనంగా చేరుతుంది. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఫిల్లర్ శాతం ఒక్క పిసరు మారకపోయినా, బూడిద పరీక్షకు రెండు నమూనాలూ ఒకేలా కనిపించినా, ధ్వని మాత్రం మంచి కలయికనూ చెడ్డ కలయికనూ వేరుచేస్తుంది. కరిగిన ప్లాస్టిక్ తనంతట తాను కూడా కొంత ధ్వనిని మింగేస్తుంది కనుక, ఏది దేనివల్లో తేల్చడానికి రెండు మూడు పౌనఃపున్యాల వద్ద కొలుస్తారు. చెదిరే ధ్వని పౌనఃపున్యపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ప్లాస్టిక్ మింగేది అంత వేగంగా పెరగదు. ఆ తేడాతో రెంటినీ విడదీస్తారు.

ఈ శాస్త్రంలో తెలుగు నేలకు పాత వాటా ఒకటుంది. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అల్ట్రాసోనిక్స్ పరిశోధనకు పునాది వేశారు. ఆయన తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా పనిచేశారు. 1940ల్లో వాల్తేరులో భగవంతం, జె. భీమసేనాచార్ కలిసి స్ఫటికాల స్థితిస్థాపకతను కొలవడానికి ఒక పద్ధతి రూపొందించారు. ఒక వైపు పలుచగా, మరో వైపు మందంగా కోసిన క్వార్ట్జ్ ముక్కతో ధ్వని పుట్టించడం దాని కీలకం. మందాన్ని బట్టి కంపనం మారుతుంది కనుక, ఒకే ముక్క నుంచి ఎడతెగని పౌనఃపున్యాల వరుస దొరుకుతుంది. స్ఫటికపు పలక ఏ పౌనఃపున్యాల వద్ద ధ్వనిని బాగా దాటనిస్తుందో చూసి, అందులో ధ్వని వేగాన్నీ, దాన్నుంచి స్ఫటికపు గట్టిదనాన్నీ లెక్కగట్టేవారు. ఈ పద్ధతితో భీమసేనాచార్ 1945లో ప్రచురించిన కొలతల్లో కాల్సైటు ఉంది. మన బస్తా టేపులో ఫిల్లర్‌గా కలిసేది ఆ ఖనిజమే. ప్లాస్టిక్ బస్తా అనేదే లేని రోజుల్లో, పాలీప్రొపిలీన్ పుట్టడానికి ముందే జరిగిన పని అది. ఇటలీలో జూలియో నట్టా బృందం స్ఫటికరూప పాలీప్రొపిలీన్ తయారుచేసింది 1954లో.

ఇక్కడ పనికొచ్చే మరో సూత్రం రావు నియమం. 1940లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చిన ఒక పరిశీలన ఇది. ద్రవం మోలార్ ఘనపరిమాణాన్ని ధ్వని వేగపు ఘనమూలంతో గుణిస్తే వచ్చే సంఖ్య, ఉష్ణోగ్రత మారినా దాదాపు మారదు. డచ్ శాస్త్రవేత్త వాన్ క్రెవెలెన్ పాలిమర్ల గుణాలపై రాసిన ప్రసిద్ధ గ్రంథంలో రావు ఫంక్షన్ పేరుతోనే దీన్ని వాడుకున్నారు. మన ఎక్స్‌ట్రూడర్ దగ్గర దీని ప్రభావం చాలా తీవ్రమైనది. వేడికి ద్రవం ఒక శాతం వ్యాకోచిస్తే ధ్వని వేగం మూడు శాతం పడిపోతుంది. కరిగిన పాలీప్రొపిలీన్ పది డిగ్రీలు వేడెక్కితే వ్యాకోచం ముప్పాతిక శాతం ప్రాంతంలో ఉంటుంది. అంటే ధ్వని వేగం రెండు శాతానికి కొంచెం పైగా తగ్గుతుంది. ఇందాక పది శాతం ఫిల్లర్‌కు వచ్చిన తగ్గుదల కూడా రెండు శాతమే కదా. పక్కనే వేడిని సరిగా కొలవకపోతే, హీటరు ఎక్కువ కాలినదాన్ని ఫిల్లర్ ఎక్కువైందని పొరబడతాం. కరిగిన ప్లాస్టిక్ మధ్యలో ఒక వేడి, గోడ దగ్గర ఒక వేడి ఉంటుంది కనుక ఆ కొలత కూడా అంత తేలిక కాదు. ఒత్తిడి పెరిగితే వేగం పెరుగుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. సెన్సర్ కొనగానే పని అయిపోదనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

సెన్సర్‌కు వేడితో మరో పేచీ ఉంది. ధ్వనిని పుట్టించే సిరామిక్ పలక వేడెక్కే కొద్దీ తన విద్యుత్ గుణాన్ని కోల్పోతుంది. దాన్ని 220 డిగ్రీల గోడకు నేరుగా అంటించి నెలల తరబడి నడపడం కష్టం. అందుకని మధ్యలో ఒక ఉక్కు కడ్డీ పెడతారు. కడ్డీ ఒక చివర ప్లాస్టిక్‌ను తాకుతుంది, రెండో చివరను నీటితోనో గాలితోనో చల్లబరిచి సెన్సర్ బిగిస్తారు. ఇప్పుడు ఇంకో సమస్య. ఉక్కు నుంచి కరిగిన ప్లాస్టిక్‌లోకి దాటేటప్పుడు ధ్వని శక్తిలో ఆరు శాతమే లోపలికి వెళ్తుంది. మళ్లీ అవతలి కడ్డీలోకి దాటేటప్పుడు అందులో ఆరు శాతం. పంపినదాంట్లో వెయ్యింట నాలుగు వంతులు మిగులుతాయి. దీనికి తోడు కడ్డీ పక్కగోడలకు తగిలి వచ్చే దొంగ ప్రతిధ్వనులు అసలు సంకేతాన్ని కప్పేస్తాయి. కెనడాలో మాంట్రియల్ పక్కన బూషర్‌విల్‌లో ఉన్న నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి పారిశ్రామిక పదార్థాల సంస్థ ఈ చిక్కుపై గట్టిగా పనిచేసింది. కడ్డీకి మరో లోహపు తొడుగు వేసి, ధ్వని నడిమి భాగంలోనే పయనించేలా చేశారు. 1990ల్లో అక్కడి పరిశోధకులు ఈ పనిముట్లతో ఎక్స్‌ట్రూడర్‌లోనే పాలిమర్ల మిశ్రమాలను పరిశీలించారు. జర్మనీలో డార్మ్‌స్టాట్ ప్లాస్టిక్స్ సంస్థలోనూ ఇటువంటి పని సాగింది.

బూషర్‌విల్ బృందం చేసిన వాటిలో ఒకటి ఫ్యాక్టరీవాళ్లకు వెంటనే అక్కరకొచ్చేది. హాపర్‌లో ఒక చిటికెడు గుర్తు పదార్థం వేసి, అది డై దగ్గరికి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు తోకలా కొనసాగింది అని ధ్వనితో చూస్తారు. తోక పొడవుగా ఉంటే బ్యారెల్‌లో ఎక్కడో ప్లాస్టిక్ నిలిచిపోయి మాడుతోందన్నమాట. రంగు మార్చినప్పుడు పాత రంగు ఎంతకీ వదలకపోవడానికి కారణం తరచుగా అదే.

మన ప్రాంతానికి అల్ట్రాసౌండ్ కొత్తదేమీ కాదు. ఇక్కడి సిమెంటుతో పోసిన కాంక్రీటును పగలగొట్టకుండా పరీక్షించేది దీనితోనే. 1992 నాటి పాత ప్రమాణం ఐఎస్ 13311 మొదటి భాగంలో, కాంక్రీటులో ధ్వని సెకనుకు 4.5 కిలోమీటర్లు మించి పోతే అది శ్రేష్ఠం, 3 కిలోమీటర్ల లోపైతే అనుమానించాలి అని ఉండేది. రైలు పట్టాల్లో లోపలి పగుళ్లను రైల్వేవారు వెతికేదీ అల్ట్రాసౌండ్‌తోనే. ప్లాస్టిక్ పైపుల తయారీలో అయితే అది రోజువారీ పనిముట్టు. పైపు చల్లార్చే నీళ్ల తొట్టిలో చుట్టూ సెన్సర్లు పెట్టి గోడ మందం అన్నివైపులా సమంగా ఉందో లేదో కొలుస్తారు. కానీ అది తయారైపోయిన గోడ మందాన్నే చెబుతుంది, గోడ లోపలి కలయికను కాదు.

పైపుల్లో కలయిక చిన్న విషయం కాదు. మంచినీళ్లకు వేసే నల్ల హెచ్‌డీపీఈ పైపుకు ఆ నలుపు అందం కోసం రాలేదు. ఐఎస్ 4984 ప్రకారం అందులో కార్బన్ బ్లాక్ 2 నుంచి 3 శాతం మధ్య ఉండాలి, అది సమంగా పరుచుకుని ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపేది అదే. కార్బన్ రేణువులు నానోమీటర్లలో ఉంటాయి, కాల్సైటు కన్నా మొండిగా ఉండకడతాయి. ఉండ ఉన్న చోట గోడ బలహీనం. నలుపు అందని తెల్లచార ఉన్న చోట ఎండకు రక్షణ లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద గట్ల వెంట ఏళ్లతరబడి ఎండలో పడి ఉండే పైపుకు ఇది జీవన్మరణ సమస్య. బోరు నీళ్లు తోడే పీవీసీ పైపులోనూ కాల్షియం కార్బొనేట్ కలుస్తుంది. కొన్న రైతుకు బయటికి కనిపించేది నునుపు, రంగు, దాని మీది ముద్ర. లోపల పొడి ఎలా పరుచుకుందో అతను పరీక్షించలేడు. పరీక్షించగలిగిన చోట, తయారయ్యే క్షణంలోనే ఆ పని జరగాలని నేను గట్టిగా కోరుకోవడానికి కారణం అతనే.

రీసైకిల్ ప్లాస్టిక్ పెరిగే కొద్దీ ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలకు 2022లో వచ్చిన సవరణ, ప్యాకేజింగ్‌లో రీసైకిల్ పదార్థపు వాటాకు లక్ష్యాలు పెట్టింది. వాడేసిన బస్తాలను కడిగి, కరిగించి చేసిన గ్రాన్యూల్స్‌లో పాత ఫిల్లర్ ఎంతుందో సంచికీ సంచికీ మారుతుంది. పాలిథీన్ పొర అంటుకున్న బస్తాలూ కలిసిపోతాయి. పాలీప్రొపిలీన్, పాలిథీన్ కరిగినా ఒకదానిలో ఒకటి కలవవు, బొట్లు బొట్లుగా విడిగానే ఉంటాయి. ఆ బొట్ల పరిమాణాన్ని బట్టి కూడా ధ్వని చెదిరే తీరు మారుతుంది. అయితే చెదరగొట్టింది రాతి ఉండా, పాలిథీన్ బొట్టా, తడి మిగిలి పుట్టిన ఆవిరి బుడగా అన్నది ధ్వని ఒక్కటే చెప్పలేదు. ముఖ్యంగా బుడగలు ధ్వనికి పెద్ద శత్రువులు. కొద్దిపాటి గాలి చాలు, సంకేతం దాదాపు మాయమవుతుంది. రసాయన గుర్తింపుకు పరారుణ కిరణాల పరీక్షను పక్కన చేర్చుకోవాలి. కానీ ఏదో తేడా వచ్చిందని మొదట కేక వేయగలిగింది మాత్రం ధ్వనే. అపారదర్శకమైన నల్ల ప్లాస్టిక్‌లోంచి కాంతి దాటదు, ధ్వని దాటుతుంది.

ధ్వనితో ఈ కొలత మొదలుపెట్టడానికి కొత్త ఎక్స్‌ట్రూడర్ కొననవసరం లేదు. డై ముందు అడాప్టర్‌లో ఎదురెదురుగా రెండు కన్నాలు, రెండు ఉక్కు కడ్డీలు, చల్లబరిచే నీటి గొట్టం, పక్కనే కరిగిన ప్లాస్టిక్‌ను తాకే థర్మోకపుల్, ఒత్తిడి మీటరు ఉండాలి. హైదరాబాద్ చర్లపల్లిలోని ప్లాస్టిక్ సాంకేతిక విద్యాసంస్థ సిపెట్‌లో ఎక్స్‌ట్రూడర్లూ ఉన్నాయి, బలాన్నీ బూడిదనూ కొలిచే ప్రయోగశాలా ఉంది, నేర్చుకునే విద్యార్థులూ ఉన్నారు. ఫిల్లర్ లేని పాలీప్రొపిలీన్, ఐదు శాతం, పది శాతం, పదిహేను శాతం కలిపినవి వరుసగా నడపాలి. ప్రతిదాన్నీ మూడు నాలుగు ఉష్ణోగ్రతల వద్ద, రెండు స్క్రూ వేగాల వద్ద నడిపి ధ్వని వేగం, ధ్వని బలం నమోదు చేసుకోవాలి. అదే సమయంలో బయటికి వచ్చిన టేపును కాల్చి, తెంపి, సూక్ష్మదర్శినిలో చూసి ఆ అంకెల పక్కన రాసుకోవాలి. ఆ పట్టిక చేతికొచ్చాక, తెర మీద గీత వంగిన మరుక్షణం ఆపరేటర్‌కు ఏం చేయాలో తెలుస్తుంది. ధ్వని వేగం మెల్లగా తగ్గుతూ, వేడి మారకపోతే మాస్టర్‌బ్యాచ్ ఫీడర్ చూడాలి. వేగం నిలకడగా ఉండి బలం ఒక్కటే పడిపోతే ముందు మాస్టర్‌బ్యాచ్ తడిసిందేమో చూసి, తడి లేకపోతే స్క్రూ వేగమూ జల్లెడా చూడాలి. రెండూ ఒక్కసారిగా కుదేలైతే బుడగలు పుట్టాయని అనుమానించి, గ్రాన్యూల్స్‌ను ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గరికి వెళ్లాలి.